గ్లౌజులో చప్పుడు

ఆ ఏడు సెప్టెంబరులో రావాల్సిన రదమేస్ మెక్సికో నుంచి జూలైలోనే ఇంటికొచ్చేశాడు. ఎందుకొచ్చావని ఎవరం అడగలేదు. సీజను సగంలో బంతి విసిరే పిచర్ ఇంటికొచ్చాడంటే అక్కడి జట్టు పొమ్మందని మా వీధిలో కుక్కలకి కూడా తెలుసు. మా చెల్లెలు యొకాస్తా అతని చేతిలో పెట్టె అందుకుని, "ముందు స్నానం చెయ్, బస్సు కంపు కొడుతున్నావ్" అంది. మా అమ్మ నెరెయ్‌దా కాఫీ పెట్టింది. నేను అతని కుడిచేతి వంక చూడకుండా ఉండటానికి నానా తంటాలూ పడ్డాను.

రదమేస్ మా చెల్లెలి మొగుడు. పదహారేళ్లుగా బేస్‌బాల్ బంతి విసిరి బతుకుతున్నాడు. వేసవంతా పరాయి దేశంలో, చలికాలం మా ఊరి జట్టు కర్రెతెరోస్‌లో. అప్పటికి ముప్పై ఏడు నిండాయి. నేనూ ఆ జట్టు మనిషినే గాని నా పేరు ఏ పేపర్లోనూ పడదు. మైదానం అంచున కంచె వెనక రేకుల కప్పు వేసిన ఒక సందు ఉంటుంది. ఆటలోకి దిగబోయే పిచర్లు అక్కడే చెయ్యి వెచ్చబెట్టుకుంటారు. అరవై అడుగుల దూరంలో గొంతుక్కూర్చుని వాళ్లు విసిరేదాన్ని పట్టడం నా పని. పదకొండేళ్లుగా పడుతున్నాను. నా అసలు పేరు ఏర్మెనెహిల్దో. అంత పొడుగు పేరు పిలిచే ఓపిక మా ఊళ్లో ఎవరికీ లేదు కనక ఇల్దోనయ్యాను.

అక్టోబరు రెండోవారంలో ప్రాక్టీసు మొదలైంది. మొదటి రోజు పొద్దున్నే రదమేస్ సందులోకి వచ్చి, చొక్కా భుజం మీద సర్దుకుని, నవ్వుతూ అన్నాడు.

"మెల్లిగా మొదలెడతాను బావా. నీ ముసలి చెయ్యి బెదిరిపోతుంది."

"ముందు ఇక్కడిదాకా వచ్చేట్టు వెయ్, తర్వాత బెదురుతాను" అన్నాను.

మొదటి పది బంతులు లెక్కలోకి రావు. పదకొండోది నేరు బంతి, ఉన్న బలమంతా పెట్టి విసిరాడు. అది నా గ్లౌజులో పడగానే తెలిసిపోయింది. బంతిలో ఏమీ లేదు. కిందటేడు వరకు అది నా చేతిని వెనక్కి నెట్టేది. ఇప్పుడు వచ్చి కూర్చుంది, అంతే. ఇంకోటి వేశాడు. అదీ అంతే. అతను తన చేతివంక చూసుకున్నాడు. వేళ్లు ముడిచాడు, తెరిచాడు. ముఖంలో రంగు పోయింది. పదహారేళ్లు ఆడిన మనిషి నా కళ్లముందే ఒక్క నిమిషంలో ముసలివాడైపోయాడు.

ఆ ముఖం చూడలేకపోయాను. ఉన్నమాట అది. అందుకే మూడో బంతిని మోగించాను.

మోగించడమంటే ఏమిటో చెబుతాను. బంతి అరచేతిలో పడితే చప్పగా వినిపిస్తుంది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య గుంట ఉంటుంది, సరిగ్గా అందులో పడేట్టు, ఆఖరి క్షణంలో చెయ్యి కొంచెం బంతికి ఎదురు నెట్టి పడితే రేకుల కప్పు కింద తుపాకి పేలినట్టు వినిపిస్తుంది. ఈ విద్య తెలియనివాడు మా పనికి పనికిరాడు. వణుకుతూ వచ్చిన పిచర్‌కి ఒకట్రెండు సార్లు మోగించి ధైర్యం ఇవ్వడం అందరూ చేసేదే. దాన్ని ఎవరూ మోసం అనరు.

"ఆ!" అన్నాడు రదమేస్. "అదీ!"

నలభై బంతులు వేశాడు. నలభై మోగించాను. ఇంటికెళ్లి అతను రెండు పళ్లాల మాంగూ తిన్నాడు. ఉడికించి మెదిపిన అరటికాయ అంత ఇష్టంగా తిని చాలా నెలలైందట. "మెక్సికో వాళ్లు నా చెయ్యి అయిపోయిందన్నారమ్మా, చేతకానివాళ్లు" అని మా అమ్మతో చెప్పాడు. మా అమ్మ వాళ్లని వంశం పేరెత్తి తిట్టింది. యొకాస్తా నవ్వుతూ వేయించిన జున్ను ఇంకో ముక్క వేసింది. ఆ రాత్రి నేను బ్లేడు తీసుకుని గ్లౌజు కుట్టు విప్పి, చూపుడువేలి దగ్గరున్న మెత్త సగం పీకేశాను. మెత్త తక్కువైతే చప్పుడు ఎక్కువవుతుంది.

ఒక్కరోజు కోసం చేసిన పని అలవాటైపోయింది. మా స్టేడియంలో బంతి వేగం చూపించే బోర్డు రెండేళ్ల కిందటి తుపానుకి పోయింది, ఎవరూ బాగుచేయించలేదు. రాజధానిలో ఆడినప్పుడు అక్కడి బోర్డు గంటకి ఎనభై అయిదు మైళ్లే చూపించింది. "వాళ్ల యంత్రం వాళ్ల పిచర్లకి అయిదు కలుపుతుంది, మనకి అయిదు తీసేస్తుంది" అన్నాడు రదమేస్. ఈ మాట మా తీరంలో ప్రతి పిచరూ అనేదే కాబట్టి ఎవరూ నవ్వలేదు. తర్వాత నా భుజం మీద చెయ్యేసి, "నాకు యంత్రం ఎందుకు? నీ గ్లౌజు ఉంది" అన్నాడు. ఆ చెయ్యి బరువు ఇవాళ్టికీ నాకు గుర్తే.

నవంబరులో అదృష్టం కూడా అతని వైపే ఉంది. జట్టు పెద్ద టూలియో అతన్ని తేలిక సమయాల్లోనే దింపేవాడు. ఎదుటి జట్ల కుర్రాళ్లు ఇంకా చలికాలపు ఆటకి అలవాటు పడలేదు. రదమేస్‌కి తెలివి ఉంది, వంపు బంతి ఉంది. ఎలాగో గట్టెక్కేవాడు. మా అమ్మ రేడియో పక్కన కూర్చుని, "మా అల్లుణ్ణి ఆఖరి ఇన్నింగ్స్‌లో దింపడేం? ఆ టూలియో బుర్రలో చెరకు పిప్పి ఉందా?" అని వీధంతా వినబడేట్టు అరిచేది.

నెలాఖరున దోన్ ఓవిదియో మా ఇంటికొచ్చారు. ఊరి బయట చెరకు తోటలు దాటాక ఆయన శిక్షణశిబిరం ఉంది. డెబ్బై మంది కుర్రాళ్లు అక్కడే ఉండి ఆట నేర్చుకుంటారు. పెరట్లో కుర్చీ లాక్కుని కూర్చుని, కాఫీ తాగుతూ సూటిగా విషయానికొచ్చారు.

"పిచర్లకి నేర్పేవాడు కావాలి రదమేస్. ఏడాదంతా పని. సాయంత్రం అయిదుకి ఇంట్లో ఉంటావు. డిసెంబరు ఇరవై రెండున కొత్తగా పనిలోకి తీసుకునేవాళ్ల జాబితా రాస్తాను, అప్పటిదాకా నీకోసం ఆగుతాను." నావైపు తిరిగి, "నువ్వూ రావయ్యా ఇల్దో. పట్టేవాడు కూడా కావాలి. అక్కడ స్టూలు మీద కూర్చుని పట్టొచ్చు, నీ మోకాళ్లు బతికిపోతాయి" అన్నారు.

యొకాస్తా వంటగది గుమ్మంలో నిలబడి తడిచేతులు తుడుచుకుంటోంది. తుడుచుకోవడం ఎప్పుడో అయిపోయింది, అయినా తుడుస్తూనే ఉంది. పెళ్లయిన పదహారేళ్లలో ఒక్క ఏప్రిల్ గాని ఒక్క జూన్ గాని మొగుడు ఇంట్లో ఉండగా చూడలేదు ఆ పిల్ల.

"చూస్తాను దోన్ ఓవిదియో" అన్నాడు రదమేస్. "కాని చెయ్యి మళ్లీ వచ్చేసింది. కావాలంటే మా బావనడగండి."

దోన్ ఓవిదియో నన్నడగలేదు. నా అదృష్టమో దురదృష్టమో. యొకాస్తా అడిగింది, రెండురోజుల తర్వాత.

నేను ఎడమచెయ్యి ఐసు గిన్నెలో పెట్టుకుని పెరట్లో కూర్చున్నాను. అది వచ్చి నా చెయ్యి పైకి లాగి చూసింది.

"ఇదేంటన్నయ్యా, వేలు వంకాయలా ఉబ్బింది?"

"మా పనిలో మామూలే."

"పదకొండేళ్లలో ఎప్పుడూ ఇలా చూళ్లేదు. మా ఆయన బంతులకేనా?"

నేను చెయ్యి మళ్లీ ఐసులో ముంచాను. మెత్త పీకేసిన చోట పడే దెబ్బలవి. కాని నా చెల్లెలు ఆ వేలు చూసి ఇంకోలా అర్థం చేసుకుంది. దాని కళ్లలో గర్వం, దిగులు రెండూ ఒకేసారి వచ్చాయి.

"ఇంత గట్టిగా విసురుతున్నాడా!" అంది. "అయితే నేనింక పోరను. చెయ్యి బాగున్నవాణ్ణి ఇంట్లో కట్టేస్తే జన్మంతా నన్ను తిట్టుకుంటాడు. ఇంకో రెండేళ్లు వెళ్లనీలే" అంది.

అప్పుడైనా చెప్పాల్సింది. శిబిరంలో స్టూలు మీద కూర్చునే ఉద్యోగం నాక్కూడా కావాలి కదా, చెబితే నా మోకాళ్ల కోసం చెప్పానంటారు కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అదీ అబద్ధమే. అతని ముఖం అలా కళకళలాడుతుంటే చూడటం నాకిష్టం. నా వల్లే కళకళలాడుతోందని ఇంకా ఇష్టం. అంతకంటే పెద్ద కారణం ఏమీ లేదు.

మర్నాడే రదమేస్ దోన్ ఓవిదియోకి ఫోన్ చేసి వద్దని చెప్పేశాడు. "ఇరవై రెండుదాకా టైముందిగా, అప్పటిదాకా నేను వినలేదనుకుంటాను" అన్నారట ఆయన.

డిసెంబరు పద్దెనిమిదిన రాజధానిలో ఆట. టూలియో దగ్గర పిచర్లు అయిపోయారు, రదమేస్‌ని గట్టివాళ్ల మీదికి దింపక తప్పలేదు. మొదటివాడు కొట్టాడు. రెండోవాడు కొట్టాడు. మూడోవాడు నేరు బంతిని తిన్నగా అతని తల మీదికే కొట్టాడు. కంచె వెనక నుంచి నాకు బంతి కనపడలేదు, అతని టోపీ ఎగిరిపోవడం మాత్రం కనబడింది. స్టేడియమంతా ఒక్కసారి ఊపిరి బిగబట్టింది. రదమేస్ నిలబడే ఉన్నాడు. చెవికి బొటనవేలంత దూరంలో పోయిందని తర్వాత చెప్పారు. అతను తల వంచనేలేదు. వంచే టైము దొరకలేదు. బంతిలో వేగం ఉంటే ఎదుటివాడు ఆలస్యంగా కొడతాడు, అది పక్కకి పోతుంది. వేగం లేని బంతే అలా తిన్నగా వెనక్కొచ్చేది.

తిరుగు ప్రయాణంలో బస్సులో నా పక్కనే కూర్చున్నాడు.

"వాడెలా కొట్టాడో నాకర్థం కావట్లేదు బావా. దిగేముందు సందులో బాగానే ఉంది కదా? పేలింది కదా?"

"పేలింది" అన్నాను.

అతను కళ్లు మూసుకుని నిద్రపోయాడు.  నేనిచ్చిన ధైర్యంతోనే అతను మైదానం మధ్యన పిచర్ విసిరే ఆ మట్టిదిబ్బ మీద నిలబడ్డాడు. రేపు ఇంకోడు ఇంకో అంగుళం ఇటు కొడితే నా చెల్లెలికి ఏం చెప్పాలి?

ఇరవయ్యో తారీకు శనివారం. పొద్దున స్టేడియంలో గడ్డి కోసేవాడు తప్ప ఎవరూ లేరు. క్రిస్మస్ ముందు వచ్చే చల్లగాలి వీస్తోంది. రదమేస్ పది బంతులు వేసి చెయ్యి వెచ్చబెట్టుకున్నాడు. పదకొండోది నేరు బంతి. నేను చెయ్యి కదపకుండా అరచేతిలో పట్టాను.

చప్పగా పడింది.

అతను ఆగి నావంక చూశాడు. బంతి తిరిగి విసిరాను. ఇంకోటి వేశాడు, ఇంకా గట్టిగా. అదీ అంతే. మూడోది వేసేటప్పుడు అతని గొంతులోంచి మూలుగు వినబడింది.

"గ్లౌజు మార్చావా?"

"లేదు."

"మరేంటి?"

"ఇంకోటి వెయ్."

వెయ్యలేదు. అరవై అడుగులూ నడిచి నా దగ్గరకొచ్చాడు. నా చేతికున్న గ్లౌజు లాక్కుని తన చెయ్యి దూర్చాడు. మెత్త ఉండాల్సిన చోట వేలితో నొక్కి చూశాడు. తర్వాత నా చూపుడువేలు చూశాడు. పిచర్లు తెలివితక్కువవాళ్లు కారు.

"ఎప్పట్నించి?"

"మొదటిరోజు నుంచి."

"రోజూనా?"

"రోజూ."

"అసలు నా బంతి ఎలా ఉంది?"

"ఏమీ లేదు రదమేస్. అక్టోబరులోనే లేదు."

కొడతాడనుకున్నాను. కొడితే బాగుండుననీ అనుకున్నాను. అతను గ్లౌజు జాగ్రత్తగా బెంచీ మీద పెట్టాడు.

"ఓవిదియోగారికి ఫోన్లో ఏం చెప్పానో తెలుసా?" అన్నాడు. "మా బావ వేలు వాచిపోయింది, అంత గట్టిగా వేస్తున్నానని చెప్పాను."

అంతే, వెళ్లిపోయాడు. ఆ రోజు ఇంట్లో అందరం భోజనాలకి కూర్చున్నాం. "ఆ ఉప్పు ఇటివ్వమను" అని యొకాస్తాతో అన్నాడు. ఉప్పు నా చేతిలోనే ఉంది. మా అమ్మ ఇద్దరి ముఖాలూ చూసి, "డొమినోలో తొండి చేశాడా మా వాడు? వాడికి చిన్నప్పట్నించీ ఉంది ఆ బుద్ధి" అంది. అంతకంటే దగ్గరగా ఎవరూ చెప్పలేకపోయేవారు.

ఆదివారం సాయంత్రం అయిదింటికి మా ఊళ్లోనే ఆట. గెలిస్తే జనవరి ఆటలకి వెళతాం, ఓడితే సీజను అయిపోయినట్టే. ఏడో ఇన్నింగ్స్‌లో మేం ఒక్క పరుగు ముందున్నాం, ఎదుటివాళ్లు ఇద్దరు బేస్‌ల మీద పరుగుకి సిద్ధంగా ఉన్నారు. సందులో ఫోన్ మోగింది. టూలియో.

"రదమేస్‌నీ ఆ పొడుగోణ్ణీ లేపు."

ఇద్దరూ లేచారు. పొడుగోడు యూనియోర్ అని, ఎడమచేతివాడు. వాడి బంతులు నాలాగే సందులో పనిచేసే రెండో మనిషి పట్టాడు, రదమేస్‌వి నేను. ఎనిమిది వేశాడు. నా చెయ్యి దానంతటదే ఎదురు వెళ్లబోయింది, ఆపుకున్నాను. ఎనిమిదీ చప్పగానే పడ్డాయి. పక్కన పొడుగోడివి రేకులు అదిరిపోయేలా మోగుతున్నాయి.

మళ్లీ ఫోన్. "ఇల్దో, రదమేస్ సిద్ధమా? అనుభవం ఉన్నవాడు కావాలి నాకు."

పదకొండేళ్లలో ఈ ప్రశ్నకి నా జవాబు ఒకటే, సిద్ధం. ఫోన్ చెవిదగ్గర పెట్టుకుని రదమేస్‌ని చూశాను. అతను నన్నే చూస్తున్నాడు.  సిద్ధమని చెప్పి అతన్ని చంపలేను. కాదని చెప్పి అతని పదహారేళ్లకి నేను ముగింపు పలకలేను.

రదమేస్ వచ్చి నా చేతిలోంచి ఫోన్ తీసుకున్నాడు. పిచర్ ఆ ఫోన్ ముట్టుకోవడం నేనెప్పుడూ చూళ్లేదు.

"టూలియో, నేనే. నా చేతిలో ఏం లేదు." అవతల ఏదో అన్నాడు. "ఇవాళ కాదు, ఇంకెప్పుడూ. పొడుగోణ్ణి పంపు."

ఫోన్ పెట్టేశాడు. పొడుగోడు తలుపు తోసుకుని పరుగెత్తాడు. పదివేలమంది లేచి వాడికోసం అరిచారు. రదమేస్ ఆట అక్కడ అయిపోయిందని ఆ పదివేలమందిలో ఎవరికీ తెలియదు. అతను జాకెట్టు వేసుకుని బెంచీ మీద నా పక్కన కూర్చున్నాడు. పొడుగోడు అయిదు బంతుల్లో ఆ ఇన్నింగ్స్ ముగించాడు.

"వాడిది కూడా మోగిస్తున్నారా?" అన్నాడు రదమేస్, మైదానం వంకే చూస్తూ.

"వాడిది దానంతటదే మోగుతుంది."

చిన్నగా నవ్వాడు. నాకు ఏడుపొచ్చింది. తల తిప్పుకున్నాను.

ఇంటికెళ్లేసరికి యొకాస్తా పెరట్లో కూర్చుని, పండగ అన్నంలోకి కందికాయలు ఒలుస్తోంది. రేడియోలో విందట, గెలిచామని సంతోషంగా ఉంది. రదమేస్ దాని ఎదురుగా పీట వాల్చుకుని కూర్చుని, తనూ నాలుగు కాయలు తీసుకుని ఒలవడం మొదలెట్టాడు. "ఆపేశాను" అన్నాడు.

"ఏం ఆపేశావ్?"

"విసరడం."

యొకాస్తా చేతులు ఆగిపోయాయి. నావంక చూసింది, నేను నేల వంక చూశాను. మళ్లీ ఒలవడం మొదలెట్టింది.

"అయితే ఏప్రిల్లో ఎక్కడుంటావ్?"

"ఇక్కడే."

ఇంకో రెండు కాయలు ఒలిచి, లేచి లోపలికెళ్లింది. కుళాయి చాలాసేపు కారుతూనే ఉంది. మా అమ్మ గుమ్మంలోంచి, "దానికి సంతోషం వస్తే ఇంతే, నీళ్లు దండగ చేస్తుంది" అంది.

సోమవారం ఇరవై రెండు. "బండి తియ్ బావా" అన్నాడు రదమేస్ పొద్దున్నే. శిబిరానికి నా మోటార్‌సైకిల్ మీదే వెళ్లాం, చెరకు లారీల దుమ్ములో. నామీద కోపం పోయిందని దారిలో నాకు తెలిసింది. గతుకుల్లో నా నడుం పట్టుకున్నాడు. అతను లోపలికెళ్లాడు, నేను గేటు దగ్గర నీడలో నిలబడ్డాను. అక్కణ్ణించి మైదానం కనబడుతోంది. ఒక కుర్రాడు విసురుతున్నాడు, పట్టేవాడు స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. ఎత్తు సరిగ్గా ఉంది ఆ స్టూలు. నా మోకాళ్లు దాన్ని చూసి నిజంగానే ఆశపడ్డాయి.

అరగంటకి రదమేస్ బయటికొచ్చాడు.

"జనవరి అయిదు నుంచి రమ్మన్నారు" అన్నాడు.

"మంచిమాట చెప్పావ్."

"నీ సంగతీ అడిగారు." గేటు చువ్వ పట్టుకున్నాడు. "వద్దన్నాను బావా."

నేను జేబులోంచి బండి తాళంచెవి తీశాను.

"కోపంతో కాదు. ఆ రెండు నెలలు నేనెంత సంతోషంగా ఉన్నానో నీకు తెలుసు, దానికి నీకు దణ్ణం పెట్టాలి. కాని ఆ పిల్లలకి పద్దెనిమిదేళ్లు కూడా లేవు. ఎవడి చేతిలో వేగం ఉందో ఎవడి చేతిలో లేదో వాళ్లకి ఇప్పుడే తెలియాలి. నీ చెయ్యి మంచిది. అందుకే వద్దన్నాను."

బండి స్టార్టు చేశాను. అతను వెనకెక్కాడు. చెరకు తోటలు దాటేదాకా నాకు కళ్లు మసకగానే ఉన్నాయి, దుమ్మేనని నాకు నేను చెప్పుకున్నాను. తర్వాత ఇంకో నాలుగేళ్లు నేను ఆ సందులోనే గొంతుక్కూర్చున్నాను. రదమేస్ రోజూ అయిదుకల్లా ఇంటికొచ్చేవాడు, నా పక్కనే కూర్చుని తినేవాడు. ఆ ఉద్యోగం నాకివ్వనందుకు అతన్ని ఏనాడూ తప్పుపట్టలేదు. నేనక్కడ ఉండి ఉంటే, ఆ పిల్లల్లో ఎవడి ముఖం వాడిపోయినా, వారం తిరగకముందే నేను మళ్లీ మోగించేసేవాణ్ణి.